నిజాంపట్నంలో ఎన్ని అక్షరాలు?

నిజాంపట్నం అన్న పేరులో ఎన్ని అక్షరాలున్నాయి? పలక పట్టిన పిల్లవాణ్ణి అడిగితే ని, జాం, ప, ట్నం అని వేళ్ళు మడిచి నాలుగంటాడు. కంప్యూటరు నడిగితే పదంటుంది. గుణింతాన్ని, సున్నను, పొల్లును అది విడివిడిగా లెక్కపెడుతుంది కనుక. అదే పేరును జాలంలో ఒకచోటి నుంచి మరొకచోటికి పంపేటప్పుడు ముప్పై బైట్లవుతుంది. జాలచిరునామాలో ఇరికిస్తే తొంభై గుర్తులవుతుంది. ఈ నాలుగు లెక్కలూ సరైనవే. ఒక లెక్కలో ఉన్న పేరును మరో లెక్కదనుకొని కోసినప్పుడే చిక్కంతా వస్తుంది.

వృత్తిరీత్యా వెబ్ ప్రోగ్రాములలో దోషాలు వెతికేవాణ్ణి. అభిరుచి రీత్యా చరిత్ర చదువుకునేవాణ్ణి. రేపల్లె ప్రాంతం వాణ్ణి కావడం చేత నా చదువు తరచు నిజాంపట్నం రేవు దగ్గరకు వచ్చి ఆగుతుంది. ఈ రెండు పనులూ ఒకే పని అని నాకు కొన్నేళ్ళుగా అనిపిస్తోంది. చరిత్రకారుడు ఒక కాగితాన్ని పట్టుకొని దాని వెనక కాగితానికీ, దాని వెనక దానికీ నడుస్తాడు. ఏ చేతిలో మాట మారిందో కనిపెడతాడు. దోషాన్ని వెతికే ప్రోగ్రామరు చేసేదీ అదే. ఆ వెతుకులాటకు పనికివచ్చిన పరికరాల చరిత్రను, అందులో తెలుగువారికి దక్కిన వాటాను ఇక్కడ చెప్పదలిచాను.

పేరు మొదట చెడింది కాగితం మీద

డచ్చి వర్తకులు 1606లో ఈ తీరాన కోఠీ పెట్టుకున్నారు. గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడి అది. ఇక్కడి నేలలో దొరికే చిరివేరుతో అద్దిన ఎర్రని బట్టలకు తూర్పుదీవుల సంతలలో గిరాకీ ఉండేది. 1611 ఆగస్టులో ఇంగ్లీషు కంపెనీవారి గ్లోబ్ అనే ఓడ ఇక్కడ ఆగి, ఆపైన మచిలీపట్నం వెళ్ళింది. ఆ ఓడలో వచ్చిన పీటర్ ఫ్లోరిస్ రాసుకున్న దినచర్యను హక్లూయిట్ సొసైటీ 1934లో అచ్చువేసింది.

అయితే ఆ కాగితాలలో నిజాంపట్నం అని వెతికితే దొరకదు. డచ్చివారు పెటపులి అన్నారు, ఇంగ్లీషువారు పెట్టపోలి అన్నారు. పక్కనున్న పెద్దపల్లి పేరే విదేశీయుల చెవిలో అలా వినబడిందని చరిత్రకారులు చెబుతారు. 1759లో సలాబత్‌జంగు ఇంగ్లీషువారికి మచిలీపట్నం సర్కారును ఇచ్చిన ఒడంబడికలో మాత్రం నిజాంపట్నం సర్కారు అనే పేరు కనిపిస్తుంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. పెట్టపోలి అన్నది చెడిన రూపమే, అయినా తిప్పుకోగలిగిన చెడుపు. ఏ చెవికి ఏ ధ్వని ఎలా వినబడుతుందో తెలిస్తే పెట్టపోలి నుంచి పెద్దపల్లికి వెనక్కి నడవవచ్చు. కాగితమే చెదలు తినిపోతే ఆ దారి ఉండదు. ఈ తేడా తరువాత మనకు పనికివస్తుంది.

పురుగు, చిమ్మట

కంప్యూటరు దోషాన్ని బగ్గు అనడం ఎలా మొదలైందో చాలామందికి తెలిసిన కథే. 1947 సెప్టెంబరు 9న హార్వర్డు మార్క్ 2 యంత్రంలో ఒక రిలే మధ్య చిమ్మట ఇరుక్కుంది. దాన్ని తీసి లాగ్‌బుక్కులో అంటించారు. గ్రేస్ హాపర్ ఆ కథను ఊరూరా చెప్పడం వలన మాట ఆనాడే పుట్టిందని లోకం నమ్మింది. నిజానికి థామస్ ఎడిసన్ 1878 నాటికే తన ఉత్తరాలలో యంత్రాల చిన్నచిన్న లోపాలకు ఆ మాట వాడాడు. మాట పాతది, చిమ్మట కొత్తది.

మొదటి తరంవారు దోషాలను వెతికిన పద్ధతులలో ఒకటి: అనుమానమున్న చోటల్లా విలువను అచ్చు వేయించి చూసుకోవడం. ప్రోగ్రాము రాసేది ఒకచోట, యంత్రభాషలోకి మార్చేది మరొకచోట, నడిపేది ఇంకొకచోట. ఈ మూడింటినీ ఒక గొడుగు కిందికి తెచ్చినవే ఐ.డి.ఇ.లు. 1983లో బోర్లాండు సంస్థ టర్బో పాస్కల్‌ను విడుదల చేసింది. మన ఇంజనీరింగు కాలేజీలలో చదివినవారికి దాని తమ్ముడు టర్బో సి బాగా పరిచయం. ఆ నీలితెర మీద ఎఫ్7, ఎఫ్8 మీటలు నొక్కితే ప్రోగ్రాము ఒక్కొక్క వాక్యమే కదులుతుంది. వాచ్ అనే చిన్న కిటికీలో విలువలు మారడం కళ్ళారా చూడవచ్చు. నా తరంలో ఎందరో ఆ తెర ముందు నాలుగేళ్ళు కూర్చొని కూడా ఎఫ్7 నొక్కకుండానే పట్టా పుచ్చుకున్నారు. పరీక్షలో జవాబు ఎంతొచ్చిందని అడుగుతారు గాని ఎలా వచ్చిందని అడగరు కదా!

మూడిళ్ళ వంట

వెబ్ వచ్చాక ఈ సౌకర్యం చేజారింది. అంతకుముందు ప్రోగ్రాము ఒకే యంత్రంలో ఒకే భాషలో నడిచేది. వెబ్ ప్రోగ్రాము ఒక ఇంట్లో వండి, రెండో ఇంట్లో వడ్డించి, మూడో ఇంట్లో గిన్నెలు సర్దినట్టుంటుంది. వాడుకరి ముందు బ్రౌజరు, ఎక్కడో సర్వరు, దాని వెనక డేటాబేసు. ఒక్కొక్కచోట ఒక్కొక్క భాష. పైగా ఒక పుటకూ తరువాతి పుటకూ మధ్య సర్వరుకు జ్ఞాపకం ఉండదు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఏ ఇంట్లో పడిందో ఎలా తెలుస్తుంది?

1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పదిరోజులలో జావాస్క్రిప్టు తొలిరూపం తయారుచేశాడు. దానిలో దోషాలు వెతకడానికి చాలాకాలం చాలామందికి గతి అలర్టు పెట్టే. విలువ తెలుసుకోవాలంటే ఒక పెట్టె తెరుచుకుంటుంది, మూస్తే మరొకటి తెరుచుకుంటుంది. పెట్టె తెరిచి ఉన్నంతసేపు మిగతా పని ఆగిపోతుంది కనుక, సమయానికి సంబంధించిన దోషమైతే వెతుకుతున్నంతసేపూ మాయమై, వెతకడం మానగానే తిరిగి వస్తుంది.

సర్వరు వైపు పరిస్థితి కొంత త్వరగా బాగుపడింది. 1997లో మైక్రోసాఫ్టు విజువల్ ఇంటర్‌డెవ్‌ను తెచ్చింది. ప్రాగ్ నగరంలో విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన పని నెట్‌బీన్స్ అయింది. 2000లో వచ్చిన జావా 1.3తో, నడుస్తున్న ప్రోగ్రామును మరో యంత్రం నుంచి పట్టి ఆపగలిగే ఏర్పాటు జావాకు కుదిరింది. 2001 నవంబరులో ఐ.బి.ఎం. ఎక్లిప్స్‌ను అందరికీ ఉచితంగా విడుదల చేసింది. పి.హెచ్.పి. రాసేవారికి డెరిక్ రెతాన్స్ 2002లో ఎక్స్‌డీబగ్ ఇచ్చాడు.

వీటన్నిటి మూలసూత్రం ఒకటే. వాక్యం పక్కన చుక్క పెడతాము, దాన్ని బ్రేక్‌పాయింటు అంటారు. ఎవరో బ్రౌజరులో మీట నొక్కుతారు. ఆ కోరిక సర్వరును చేరి చుక్క దగ్గరకు రాగానే నిలిచిపోతుంది. బ్రౌజరులో చక్రం తిరుగుతూ ఉంటుంది, ఇక్కడ మనం తీరికగా ప్రతి విలువనూ విప్పి చూస్తాము. ఎవరు పిలిస్తే ఎవరు పలికి ఇంతదూరం వచ్చారో ఆ వరుసంతా పక్క కిటికీలో కనిపిస్తుంది.

హైదరాబాదు వాటా

ఈ పరికరాల తయారీలో మన నేలకూ ఒక వాటా ఉంది. మైక్రోసాఫ్టు 1998లో హైదరాబాదులో అభివృద్ధి కేంద్రం తెరిచింది. అదే ఏడాది నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటికే సన్ సంస్థకూ మైక్రోసాఫ్టుకూ జావా మీద వ్యాజ్యం నడుస్తోంది. తన జావాను మైక్రోసాఫ్టు తనకిష్టం వచ్చినట్టు మార్చుకుంటోందని సన్ 1997 అక్టోబరులో కోర్టుకెక్కింది. 2001 జనవరిలో రాజీ కుదిరింది. మైక్రోసాఫ్టు రెండుకోట్ల డాలర్లు చెల్లించింది. విజువల్ జె++ దారి మూసుకుపోయింది.

మరి ఆ భాషలో లక్షల వాక్యాలు రాసుకున్నవారి గతేమిటి? వారికోసం తయారైనది విజువల్ జె షార్ప్. జావా రాత తెలిసినవారు విజువల్ స్టూడియో డాట్ నెట్‌లోనే రాసి, నడిపి, దోషాలు వెతుక్కునేందుకు ఏర్పాటు అది. 2002లో బయటికి వచ్చింది. దాన్ని తయారుచేసింది హైటెక్ సిటీలోని హైదరాబాదు కేంద్రం. దాని ఆయుర్దాయం కొద్దిదే. 2007లో విరమణ ప్రకటించారు, 2008 నాటి విజువల్ స్టూడియోలో అది లేదు. ఎక్కడో అమెరికా కోర్టులో తేలిన తగాదాకు పరిష్కారం మాదాపూరు రాళ్ళ మధ్య తయారైందన్నది మాత్రం మన సాంకేతిక చరిత్రలో రాసుకోవలసిన మాట. గెలిచినవాటికే చరిత్ర రాస్తే జె షార్ప్‌కు చోటుండదు. పాత ఇంటివారిని కొత్త ఇంటికి చేర్చిన బండికి కూడా ఒక పుట దక్కాలి.

తెనాలి, బాపట్ల, రేపల్లె

ఇప్పుడు మొదటి ప్రశ్న దగ్గరకు వస్తాను. కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థవారి దరఖాస్తుల వెబ్ ప్రోగ్రామును చూడమని నన్ను పిలిచారు. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ చిరునామా రాసే వీలు కొత్తగా కల్పించారు. కొందరి ఊరిపేర్లు సగంలో తెగి, చివర ప్రశ్నార్థకమున్న నల్లని డైమను గుర్తుతో కనిపిస్తున్నాయి. ఊరిపేరు సరిపోలక ఆ దరఖాస్తులు పక్కన పడుతున్నాయి. పరీక్షించినప్పుడు అంతా సరిగానే ఉందని వారి ఫిర్యాదు. ఏ పేర్లతో పరీక్షించారని అడిగితే తెనాలి, బాపట్ల అన్నారు.

ముందుగా అచ్చువేసి చూసే పాత పద్ధతి ఇక్కడ ఎందుకు మోసం చేస్తుందో చెప్పాలి. నేను వాడుతున్నది విండోస్ మీద ఎక్లిప్స్. దాని కన్సోలు పడమటి ఐరోపా లిపి అమరికలో ఉంది. తెలుగు పేరును అందులో అచ్చు వేయిస్తే వరుసగా పది ప్రశ్నార్థకాలు వస్తాయి. అది చూసినవాడు పేరు ఇక్కడికి రాకముందే చెడిపోయిందనుకుంటాడు. చెడింది పేరు కాదు, చూపే అద్దం. అందుకే బ్రేక్‌పాయింటు పెట్టి, విలువనే విప్పి, దాని పొడవు చూడాలి.

పొడవు పదైతే పేరు క్షేమం. ముప్పై వచ్చిందంటే యు.టి.ఎఫ్-8లో వచ్చిన బైట్లను సర్వరు లాటిన్ అక్షరాలనుకొని ఒక్కొక్కటీ విడిగా చదివిందన్నమాట. పాత జావా సర్వర్లు చెప్పకపోతే అలాగే చదివేవి. న అనే అక్షరం సంఖ్య 3112. ప్రయాణంలో అది 224, 176, 168 అనే మూడు బైట్లవుతుంది. ఒక అక్షరం మూడు పిచ్చిగుర్తులుగా కనిపించడానికి కారణమిదే. ఆ పిచ్చిగుర్తులనే మళ్ళీ యు.టి.ఎఫ్-8లో దాస్తే అరవై బైట్లవుతాయి. అంతవరకు వచ్చినా భయపడనక్కరలేదు. వచ్చిన దారినే వెనక్కి నడిస్తే అసలు పేరు దొరుకుతుంది. పెట్టపోలి నుంచి పెద్దపల్లికి నడిచినట్టే. కాని నిజంగా పది ప్రశ్నార్థకాలుగా దాచుకున్నారా, అది చెదలు తిన్న కాగితం. ఏ పండితుడూ దానిలోంచి నిజాంపట్నాన్ని తీయలేడు.

మా చుక్క దగ్గర పొడవు పదే వచ్చింది. అడుగు ముందుకు వేశాను. మరో అడుగు. నాలుగైదు పిలుపుల లోపల ఒక చిన్న పని కనిపించింది. అది పేరును బైట్లుగా మార్చి, మొదటి ఇరవై మాత్రం తీసుకొని, పాత వ్యవస్థకు పంపే కొలతపెట్టిన గడిలో పెడుతోంది. ఇంగ్లీషులో ఒక అక్షరం ఒక బైటే. నిజాంపట్నానికి ఇంగ్లీషులో పదకొండు అక్షరాలు, ఇరవైలో హాయిగా పడుతుంది. తెలుగులో ముప్పై. ఇరవై దగ్గర కోస్తే నిజాంప అన్న పద్దెనిమిది బైట్లు పోను, ట అనే అక్షరపు మొదటి రెండు బైట్లు మిగులుతాయి. ఆ మొండి బైట్లే చివరి నల్లగుర్తు.

ఇప్పుడు పరీక్షించిన పేర్లు చూడండి. తెనాలిలో కంప్యూటరు లెక్కన ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. బాపట్లకూ అంతే. రెండూ పట్టాయి. రేపల్లెకు ఏడు, అంటే ఇరవైయొక్క బైట్లు. ఒక్క బైటు తేడాతో చివరి ఎత్వం తెగి రేపల్ల అవుతుంది. పరీక్షకు గుంటూరు అని రాసినా దొరికిపోయేది, అదీ ఇరవైయొకటే. నాలుగు ఊళ్ళూ అప్పట్లో ఒకే జిల్లావి, రెండు పట్టాయి, రెండు తెగాయి. ఇదేదో దైవికమని కార్యాలయంలో అనుకుంటూ ఉన్నారట!

అది రాసిన ప్రోగ్రామరును తప్పుపట్టలేము. రాసిన నాడు ఇంగ్లీషు పేర్లే వచ్చేవి, ఇరవై అంటే ఇరవై అక్షరాలే. తెలుగు వచ్చిన నాడు ఆ వాక్యాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వాక్యం మారకుండానే దాని అర్థం మారిపోయింది. శాసనాలు చదివేవారికి ఇది కొత్త కాదు. ఒక కాలపు కొలతతో రాసిన దానాన్ని మరో కాలపు కొలతతో చదివితే పొలం పెరుగుతుంది, లేదా తరుగుతుంది. దోషాలలో చాలావాటికి ఇలాంటి వెనకటి చరిత్ర ఉంటుంది.

బ్రౌజరులోకి వచ్చిన భూతద్దం

బ్రౌజరు వైపు కథ కొంత ఆలస్యంగా తిరిగింది. మొజిల్లాకు 2001లో రాబర్ట్ గిండా వెంక్‌మన్ అనే పరికరం తయారుచేశాడు. 2006 జనవరిలో జో హెవిట్ విడుదల చేసిన ఫైర్‌బగ్‌తో లోకం మారింది. ఎదుట కనిపిస్తున్న పుట మీద మీట నొక్కి, దాని వెనకనున్న రాత చూసి, అక్కడికక్కడే మార్చి, జావాస్క్రిప్టును వాక్యం వాక్యం ఆపి చూడవచ్చు. డబ్బు చెల్లించనక్కరలేదు. రెండుచోట్లా ఉచితమైన పరికరాలు దొరకడం చిన్న ఊళ్ళలో నేర్చుకునేవారికి ఎంత మేలు చేసిందో చెప్పలేను. గురువు లేనిచోట, ప్రోగ్రామే తన కడుపు చీల్చి చూపించి పాఠం చెప్పింది.

తెలుగు జాలానికి అది కీలకమైన కాలం. పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత ఫాంటుతో నడిచేవి. ఒకదానిలో క అయిన సంఖ్య మరొకదానిలో ఇంకేదో. వాటిని యూనికోడులోకి మార్చి చూపడానికి వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్సుకు పద్మ అనే పొడిగింత చేశారు. 2006లో వీవెన్ లేఖినిని అందించారు. ఇంగ్లీషు మీటలతో కొట్టినది ఎదుటి పెట్టెలో తెలుగై కనిపించే ఆ పుట ఎందరి చేత మొదటిసారి తెలుగు రాయించిందో! ఈ రెండూ బ్రౌజరులోనే నడిచే పనులు. ఏ మీట తరువాత ఏ మీట వస్తే ఏ ఒత్తు పడాలన్న వేల సందర్భాలు వాటిలో ఉంటాయి. అలాంటి పనిలో దోషం వెతకడమంటే తెలుగు వ్యాకరణాన్ని అంగుళం అంగుళం నడిచి చూడడమే.

ఫైర్‌బగ్ 2017 నవంబరుతో ముగిసింది. అది చేసే పనులన్నీ అప్పటికి ప్రతి బ్రౌజరులోనూ అంతర్భాగమయ్యాయి. 2015 ఏప్రిలులో మైక్రోసాఫ్టు విజువల్ స్టూడియో కోడ్‌ను ప్రకటించింది. ఆ బృందానికి నాయకుడు పూర్వం ఎక్లిప్స్ కట్టిన ఎరిక్ గామా, ఆ సంస్థకు అప్పటికి అధిపతి హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ. ఇప్పుడు ఒకే కిటికీలో బ్రౌజరు రాతకూ సర్వరు రాతకూ చుక్కలు పెట్టుకోవచ్చు. మూడిళ్ళ మధ్య గోడలు పోలేదు గాని కిటికీలు తెరుచుకున్నాయి.

జ్ఞానంతో కూలిన యంత్రం

పరికరాలు ఇంత పెరిగాక తెలుగు పేర్లకు ఇక భయం లేదా? 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఒక తెలుగు అక్షరం గురించి మాట్లాడుకుంది. జ, పొల్లు, ఞ, వాటి పక్కన కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ ఐదూ వరుసగా వస్తే ఆనాటి ఐఫోను సాఫ్టువేరు 11.2.5లో, ఆ అక్షరాన్ని చూపబోయిన అనువర్తనమే కూలిపోయేది. జ్ఞానం అన్న మాటకు మొదటి అక్షరం అది. ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చి సరిదిద్దింది. వార్తలలో అదొక వేడుకైంది. నాకు మాత్రం తెనాలి, బాపట్లలతో పరీక్షించి సరిపెట్టుకున్న కార్యాలయమే గుర్తుకు వచ్చింది. అంత పెద్ద సంస్థ అయినా, చిన్న కార్యాలయమైనా, పరీక్షకు ఏ మాటలు ఎంచుకున్నామన్న చోటే లిపికి న్యాయం జరుగుతుంది, లేదా అన్యాయం జరుగుతుంది.

2022 మార్చిలో వచ్చిన జావా 18 నుంచి వేరే చెప్పకపోతే యు.టి.ఎఫ్-8గానే చదవాలన్న నియమం వచ్చింది. ఆ మరుసటి నెల, ఏప్రిలు 4న, నిజాంపట్నం గుంటూరు జిల్లా నుంచి కొత్త బాపట్ల జిల్లాలోకి వచ్చింది. అంటే ఏ ప్రోగ్రాములోనైనా జిల్లా ఎంచుకోగానే ఊళ్ళ జాబితా రాలే చోట మళ్ళీ ఒక వాక్యం అర్థం మారింది. పాత గడిలో ఉండిపోయిన పేర్లు ఎవరో ఒకరి దరఖాస్తును ఆపుతాయి. అప్పుడు ఎవరో ఒకరు చుక్క పెట్టి, ఓపికగా ఒక్కొక్క అడుగూ వేయవలసి ఉంటుంది.

జాలపుటలు కట్టే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. పరీక్షకు తెనాలి అని రాసి సరిపెట్టుకోకండి. నిజాంపట్నం అని కూడా రాసి, బ్రౌజరు నుంచి డేటాబేసు దాకా వెంట నడిచి, అవతలి ఒడ్డున పది సంకేతాలూ దిగాయో లేదో లెక్కపెట్టుకోండి. నాలుగువందల ఏళ్ళుగా ఆ రేవు పేరు ఎన్నో చేతులలో మారింది. ఇకనైనా మన చేతులలో తెగకూడదు.